ఎడమది, కుడిది

మల్కాపురంలో దోమలకి కొదవా అని నవ్వింది
కింద వాటా పార్వతీశం గారి అమ్మాయి,
మేం చెక్కతో ఇంకో దోమని చేస్తున్నామని విని.
ఆ విమానం పేరు అదే మరి, మస్కిటో.
యుద్ధం రోజుల్లో లోహానికి కరువొస్తే
వడ్రంగుల చేత కట్టించారట.
మేం బాల్సాతో కడుతున్నాం, ఆరడుగుల రెక్క,
షిప్‌యార్డు ఫిట్టరు గౌరీశూ నేనూ,
రాత్రి షిఫ్టు లేని రోజుల్లో
మేడ మీద రేకుల గదిలో.

వానాకాలమంతా జిగురు ఆరలేదు.
సముద్రం మీది గాలి
గుండుసూదుల్ని రెండ్రోజుల్లో తుప్పు పట్టించి
రెక్క పక్కటెముకల మీద ఎర్ర చుక్కలు వదిలింది.
ఎంత గరుకు కాగితం రుద్దినా పోలేదు.
"ఉండనీ," అన్నాడు గౌరీశు,
"ఈ ఊర్లో పుట్టినట్టు గురుతు."

ఇంజిన్లు రెండు.
కుడిది కొత్తది, డబ్బా తెరిస్తే నూనె కాగితం వాసన.
ఎడమది కాకినాడలో ఒకాయన
పదేళ్లు గూట్లో మరిచిపోయి అమ్మేసింది.
ఆముదం గడ్డకట్టి పిస్టను కదల్లేదు.
స్పిరిట్లో నానబెట్టి, వేడి చేసి,
ఆవకాయ జాడీ మూత తిప్పినట్టు
బూతులు తిడుతూ తిప్పాడు గౌరీశు.
మూడో రాత్రి అది టక్కుమంది.

కుడిదాన్ని కాస్త బయటికి ఓరగా బిగించాలని నేను.
తిన్నగానే ఉండాలని అతను.
రెండ్రోజులు మాటల్లేవు.
తర్వాత జేబులోంచి వాషర్లు తీసి
"ఒకటెట్టు, సాలు," అన్నాడు.
ఒకటి పెట్టాను.
అతను టీకి దిగినప్పుడు ఇంకొకటి.

ముక్కు తేలికైంది.
ఫిషింగ్ హార్బర్లో వలలు కుట్టే నూకరాజునడిగి
సీసం గుళ్లు తెచ్చాం, అరకిలో,
ఒక్కోదానికీ చేప వాసన.
అవి ముక్కులో పోసి
బాంబుల అర తలుపులు జిగురు పెట్టి మూసేశాం.
మా నాయనమ్మ, నలభై రెండులో
ఈ ఊరి మీద బాంబులు పడ్డప్పుడు
రుబ్బురోలు దగ్గర్నుంచి పిండి చేతులతోనే
సింహాచలం దారి పట్టిన మనిషి.
చివరిదాకా విమానం మోత వింటే
పెదాలు కదిపి ఏదో లెక్కపెట్టేది.
ఏం లెక్కో అడగలేదు నేను.

రెండూ కలిపి తిప్పిన సాయంత్రం
మేడంతా పొగ, కాలిన ఆముదం.
రెండు వేగాలు కలవకపోతే ఒక ఊగు పుడుతుంది,
వూం... వూం... వూం...
సూది ఒక్క మెట్టు తిప్పితే
ఆ ఊగు సాగుతుంది, బద్ధకిస్తుంది.
నేను చెవితో పట్టుకుంటాను.
గౌరీశుకి వినబడదు.
ఓడల పొట్టల్లో ఇరవై రెండేళ్ల సుత్తి మోత
అతని చెవుల్ని తినేసింది.
తోక మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూశాడు.
"ఇంకా తగువాడుకుంటన్నాయిరా."
ఒక మెట్టు.
"ఇప్పుడు గొణుక్కుంటన్నాయి."
అర మెట్టు.
ఏమీ అనలేదు. చెయ్యీ తియ్యలేదు.
ఊగు ఆగిందని నాకు
అతని మొహం చూశాకే తెలిసింది.

ఆనందపురం అవతల, కోతైపోయిన మొక్కజొన్న చేను.
రెండో చుట్టులో ఎడమది ఆగింది.
అనుమానం ఉన్నదే ఆగింది.
రెక్క వాలుతోంటే నా బొటనవేలు
కుడిదానికి ఇంకా బలం ఇవ్వబోయింది.
అందరూ చేసే తప్పదే.
బతికున్నది ఎంత గట్టిగా లాగితే
చచ్చినదాని వైపు అంత తొందరగా
తిరగబడి కూలుతుంది.
"తగ్గించు," అరిచాడు. "దాన్నీ తగ్గించు!"
తగ్గించాను.
చేను మీద గాలి చప్పుడు వినబడేంతగా.

దిగింది, ఒక చక్రం విరిగి,
ఎడమ రెక్క కొనతో మట్టిని గీసుకుంటూ.
మేం పరిగెత్తేసరికి కుడిది
నెమ్మదిగా తిరుగుతూనే ఉంది.
గౌరీశు వంగి తోక మీద చెయ్యేశాడు.
అప్పుడు చెప్పేశాను రెండో వాషరు సంగతి.
"నాకు తెల్దనుకున్నావేటి?" అన్నాడు, తల తిప్పకుండానే.
"ఆ రాత్రే ఒకటి తీసీసినాను."